ముప్పై ఒకటో నంబరు బిళ్ళ

విజయనగరం,
5 ఆగస్టు 2024

చి. కన్యాకుమారికి,

మన తాత సోములు 1953 నవంబరు 27న తానే అడిగి నౌపడ నుంచి కొత్తవలసకు బదిలీ చేయించుకున్నాడు. రైల్వే బదిలీ పాసులో అతని వెంట భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు. ఆ భార్య మా నాయనమ్మ కాదు. ఆ పిల్లల్లో మా నాన్నా లేడు, మీ అమ్మా లేదు.

ఇది ఎక్కడ దొరికిందో చెబుతాను. కంటోన్మెంటులో జగన్నాధం అనే ఆయన ఉన్నాడు. ఎనభై ఆరేళ్ళు. పట్టాల పనివాళ్ళ మీద సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. పాత రిజిస్టర్లు చిత్తుకాగితాల కింద పోతుంటే కొన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. నౌపడ గ్యాంగుది అందులో ఉంది. ఆ ఏడాది గ్యాంగులో సోములు పేరుతో ముగ్గురు ఉన్నారు. సోమవారం పుట్టినవాడికి సోములని పెట్టేసే రోజులు. ఇంటిపేర్లు రాయలేదు. పక్కన పట్టాల గస్తీకి తీసుకెళ్ళే బిళ్ళ నంబరు మాత్రం రాశారు. అత్త దగ్గరున్న ఇత్తడి బిళ్ళ మీద 31 ఉందని నువ్వు చెప్పావు. 31 ఎదురుగా ఉన్న వివరమే పైన రాశాను. నంబరు దొరికాక మిగతా ఇద్దరి సంగతి రాసుకోలేదు.

ఏప్రిల్లో నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు అత్త అడిగింది ఒక్క ప్రశ్న. నాన్న మమ్మల్ని వదిలేసి వెళ్ళాడా, లేదా. రిజిస్టరు చెబుతున్న జవాబు ఇది. ఆమెకు చెప్పాలో వద్దో నువ్వే చూసుకో.

ఫోను చెయ్యకపోవడానికి కారణాలు రెండు. నా కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది పోతోంది. రెండోది, మీ ఇంట్లో ఫోను స్పీకరులో పెట్టి నలుగురూ వింటారు. ఉత్తరమైతే నీ పోస్టాఫీసుకే వస్తుంది, నీ చేతిలోనే పడుతుంది.

మీ బావ,
నరసింగరావు


నౌపడ,
12 ఆగస్టు 2024

నరసింగం బావకి,

ఉత్తరం అందింది. సంచీ విప్పింది నేనే, ముద్ర కొట్టింది నేనే, చదివి బీరువాలో పెట్టి తాళం వేసిందీ నేనే. అమ్మకి చెప్పలేదు.

చెప్పకపోయినా వాసన పట్టేసింది. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఒసే కన్యా, మీ బావ ఉత్తరం రాసినాడేటి?"

"లేదమ్మా."

"మరి మొకం అలగుందేటి? మీ బావ రాయకపోతే నీకేటి బెంగ?"

నాకు యాభై ఏడేళ్ళు. ఇంకా నీ పేరు పెట్టి ఏడిపిస్తూనే ఉంది.

బావా, నీకు కాగితం మీద ఉన్నదే నిజం. అమ్మ చెప్పేది కూడా ఒకసారి రాసుకో. ఇన్నేళ్ళుగా ఆమె మాట మారలేదు. మారితే నేను పట్టుకునేదాన్ని.

అది కార్తీక సోమవారం. తాత ఉపవాసం. ముసురు పట్టి నాలుగు రోజులు. తెల్లవారకముందే పట్టాల మీద గస్తీకి వెళ్ళి, పొద్దెక్కాక ఇంటికొచ్చాడు. బిళ్ళ గూట్లో పెట్టాడు. తల తుడుచుకున్నాడు. ఎక్కడికో చెప్పకుండా మళ్ళీ లేచాడు. ఇంట్లో రెండు గొడుగులున్నాయి. కొత్తది అమ్మ బడికి తీసుకెళ్ళడానికి కొన్నది. పాతదానికి ఒక పుల్ల విరిగింది, చిరిగిన చోట అమ్మ పరికిణీలోంచి నీలంగుడ్డ తీసి అమ్మమ్మ మాసిక వేసింది. తాత పాతది పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక మాట అన్నాడు. "దీపాలెట్టినాక తింతాను. నాకు అన్నం ఉంచండి."

అంతే. మళ్ళీ రాలేదు.

"పోదామనుకున్నోడు అంత ముసురులో కొత్త గొడుగు ఒగ్గీసి పోతాడేటే? అన్నం ఉంచమని సెప్పి పోతాడేటి?" అంటుంది అమ్మ. పన్నెండేళ్ళప్పుడు అన్నది, ఎనభై మూడేళ్ళప్పుడూ అంటోంది.

ఆమెకేం కావాలో నీకు తెలుసు. మన ఇంట్లో ఏటా పెద్దలకు బట్టలు పెడతాం. అమ్మమ్మ పేరు చెప్పి చీర, మా నాన్న పేరు చెప్పి పంచె. తాతకి ఎప్పుడూ పెట్టలేదు. బతికున్నవాడికి పెట్టకూడదని అమ్మమ్మ ఆన పెట్టింది. ఆమె పోయి నలభై ఏళ్ళయినా ఆ ఆన పోలేదు. తన నాన్న చనిపోయాడని ఎవరైనా చెబితే ఒక్కసారి ఆయన పేరున పంచె పెట్టి, అప్పుడు తన దారిన తను పోతానంటుంది.

నీ రిజిస్టరు ఆ ఇంకో పెళ్ళాం, ముగ్గురు పిల్లల సంగతి చెబుతోంది. ఆ కాగితం నేను ఆమెకి చదివి వినిపించను.

కన్యాకుమారి


విజయనగరం,
19 ఆగస్టు 2024

చి. కన్యాకుమారికి,

గొడుగు సాక్ష్యం కాదు. అన్నం ఉంచమనడం కూడా కాదు. ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళు వెళుతున్నామని చెప్పి వెళ్ళరు. ముప్పై ఆరేళ్ళు విలేకరిగా అలాంటి కేసులు చాలా రాశాను.

అయినా ఒక రిజిస్టరు చూసి వార్త ముగించడం నాకు అలవాటు లేదు. కొత్తవలస వెళతాను. అక్కడ ఆ కుటుంబం ఉంటే కనుక్కుంటాను. దానికి ముందు నంబరు నా కళ్ళతో చూడాలి. బిళ్ళ మీద పలచటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది పంపు. ఫోటో వద్దు, మెరుపులో 1, 7 ఒకలాగే కనబడతాయి.

నరసింగరావు


నౌపడ,
27 ఆగస్టు 2024

బావకి,

కాగితం ఇందులో పెట్టాను. ముప్పై ఒకటే. అంచున చిల్లు, తాడు కట్టుకోవడానికి.

రుద్దుతుంటే అమ్మ చూసింది. ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. కొత్తవలస, భార్య, ముగ్గురు పిల్లలు, అన్నీ. ఏడుస్తుందేమోనని పక్కన కూర్చున్నాను. ఆమె వక్క నములుతూ నన్ను చూసింది.

"ఇది నాకు తెల్దనుకున్నావేటి?"

ఇన్నేళ్ళూ నాతో కూడా అనని సంగతి అప్పుడు చెప్పింది. తాత వెళ్ళిన రోజే మన ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. అమ్మమ్మ పిల్లలిద్దరినీ తీసుకుని టెక్కలి అవతల పుట్టింటికి పోయింది. రెండు నెలలకి తిరిగొచ్చి, ఈ బిళ్ళ పట్టుకుని అమ్మని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళింది. ఈ బిళ్ళ మనిషి ఎక్కడ అని అడిగింది. వాళ్ళు పుస్తకం తీసి చూసి, ముప్పై ఒకటా, కొత్తవలస బదిలీ అయిపోయాడు, పెళ్ళాం పిల్లలతో వెళ్ళాడు అని చెప్పారు. అమ్మమ్మ ఇంకో మాట అడగలేదు. దారిలో బిళ్ళని ఉప్పుమడిలోకి విసిరేసింది. అమ్మ మడిలో దిగి వెతికి తెచ్చి దాచుకుంది. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పొద్దని అమ్మమ్మ ఒట్టు వేయించుకుంది. కొడుకుతో కూడా అనలేదు. అందుకే మీ నాన్నకి తెలియదు, నీకూ తెలియదు.

"తెలిసి కూడా బావని ఎందుకు తిప్పావమ్మా?" అన్నాను.

"పుస్తకం సెప్పినాది మా అమ్మ నమ్మినాది. నాను నమ్మనేదు. మీ బావ కూడా పుస్తకం దగ్గరే ఆగిపోతాడేటి? కొత్తవలస ఎల్లమను. ఆ ఆడమడిసో, ఆమె పిల్లలో ఉంతారు. మొకం సూసి అడగమను."

తర్వాత ఇంకొక మాట అంది. "నిజంగానే పోయుంతే అదీ సెప్పమను. ఇంక ఎదురుసూడను."

కన్యాకుమారి


విజయనగరం,
23 సెప్టెంబరు 2024

చి. కన్యాకుమారికి,

మన తాత సోములు 1953 నవంబరు 9, సోమవారం, మధ్యాహ్నానికి ముందు ఉప్పుటేటి వరదలో చనిపోయాడు. కొత్తవలసకు వెళ్ళినవాడు ఇంకో సోములు. ఈ ఉత్తరాన్ని అత్త ఎదురుగా కూర్చుని గట్టిగా చదువు. తెలిసినది తెలిసిన వరసలో రాస్తాను.

నిన్న ఉదయం కొత్తవలసలో దిగాను. స్టేషను రోడ్డులో ఇద్దరిని అడిగేసరికి ఇల్లు తెలిసింది. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. కొట్లో ఉన్నాయన పేరు తిరుమలరావు. డెబ్బై ఏళ్ళు. నౌపడ నుంచి బదిలీ మీద వచ్చిన సోములుగారి వాళ్ళెవరు అని అడిగాను.

"మా నాన్నే. పోయి ముప్పై ఏళ్ళయినాది. మీరు ఇన్సూరెన్సోలేటి?"

కాదన్నాను. నాకు చిన్నాన్న వరస అవుతాడనే లెక్కతో వెళ్ళాను కాబట్టి ఆ ముఖంలో మా నాన్న పోలిక వెతికాను. కనబడలేదు. రైల్వే గస్తీ బిళ్ళ ఏదైనా ఉందా అన్నాను. లోపలికి వెళ్ళి దేవుడి గూట్లోంచి ఇత్తడి బిళ్ళ తెచ్చాడు. మన బిళ్ళ లాంటిదే. నంబరు 32.

తప్పు ఇంటికి వచ్చానన్నాను. నేను వెతుకుతున్నది 31 అన్నాను. తిరుమలరావు, "మా నాన్నది ముప్పై రెండేనండి, మీరు ఇంకెవులి కోసమో వచ్చినారు" అన్నాడు. అప్పుడు లోపల్నుంచి ఒక ముసలామె గొంతు.

"నీకేటి తెలుసురా? నువ్వప్పుడు పుట్టనేదు. మన నాన్నది ముప్పై ఒకటే. ఈ ముప్పై రెండు అవతలి సోములుది."

ఆమె తిరుమలరావు అక్క. పేరు అమ్మడు. డెబ్బై ఏడేళ్ళు. అప్పటికి ఆమెకు ఆరేళ్ళు.

వాళ్ళ నాన్న గస్తీ పూండి వైపు నుంచి, మన తాతది నౌపడ వైపు నుంచి. రోజూ ఇద్దరూ మధ్యలో కలిసేవారు. ఆ సోమవారం తెల్లవారాక కలిసినప్పుడు వాళ్ళ నాన్న ఒక మాట అన్నాడు. ఇంటిది నెలలు నిండి ఉంది, ఇంట్లోకి నీళ్ళు వచ్చేలా ఉన్నాయి, కట్ట ఎప్పుడు తెగుతుందో తెలియదు కాబట్టి తను గస్తీ వదిలి పోలేడు. మన తాత, తన గస్తీ అయిపోయింది, తను చూసి వస్తానన్నాడు. అమ్మడుకి ఇది తండ్రి చెప్పిన మాట. ఇక్కణ్ణుంచి ఆమె స్వయంగా చూసినది. ఆమె మాటల్లోనే రాసుకున్నాను.

"ఏరవతల పల్లంలో మా పాక. నీల్లు నడుం దాకా వచ్చేసినాయి. సోములు మావ వచ్చి నన్నూ తమ్ముణ్ణీ సెరో బుజం మీద ఎక్కించుకుని పట్టాల గట్టు మీద కూకోబెట్టినాడు. మల్లీ దిగి మాయమ్మని నడిపించుకొచ్చినాడు. అమ్మకి అప్పటికే నొప్పులు. గొడుగు నా సేతికిచ్చి, అమ్మ మీద పట్టుకో గుంటా, వదలకు అన్నాడు. మా నాయనమ్మ పాక మీద కూకుని ఉన్నాది. దాని కోసరం మల్లీ దిగినాడు. పాక కూలిపోయినాది. ఇద్దరూ రానేదు. నాను గొడుగు వదలనేదు. గట్టు మీద, ఆ గొడుగు కిందే వీడు పుట్టినాడు."

వీడు అంటే తిరుమలరావు.

గొడుగు ఎలా ఉంటుందని అడిగాను. ఒక పుల్ల విరిగిందంది. నీలంగుడ్డ మాసిక ఉందంది. మాసిక సంగతి నేను ఆమెతో అనలేదు, కన్యా. నీ ఉత్తరం నా సంచీలోనే ఉంది, బయటకి తియ్యలేదు. గొడుగు సాక్ష్యం కాదని నీకు రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తిరిగొచ్చి నేరుగా జగన్నాధం దగ్గరికి వెళ్ళాను. మన ఇంట్లో 31, వాళ్ళ ఇంట్లో 32 ఎందుకున్నాయి అని అడిగాను. ఆయన నవ్వాడు. వానాకాలం గస్తీలో ఇద్దరూ మధ్యలో కలిసి బిళ్ళలు మార్చుకోవాలి. ఎవరి స్టేషనుకి వాళ్ళు తిరిగొచ్చి ఎదుటివాడి బిళ్ళ చూపించాలి. దారి మొత్తం నడిచాడనడానికి అదే రుజువు. మళ్ళీ గస్తీకి వెళ్ళినప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. "ఇంట్లో సొంత బిళ్ళ దొరికిందంటే ఆ పూట ఆడు నడవనేదన్న మాట" అన్నాడు జగన్నాధం.

మొదటిసారే ఎందుకు చెప్పలేదు అన్నాను.

"నువ్వు అడగనేదు కదా బాబూ. ముప్పై ఒకటి ఏమయినాడని అడిగినావు, సెప్పినాను."

రిజిస్టరు మళ్ళీ తెరిపించాను. 32, సోములు. 9-11-53 నుంచి గైరుహాజరు. దేహం దొరకలేదు కాబట్టి చనిపోయినట్టు రాయలేదు. డిసెంబరులో పేరు కొట్టేశారు. ఆగస్టులోనే ఆ పేజీ నా ముందు ఉంది. ఒక్క వరస కిందికి చూడలేదు.

నాయనమ్మ స్టేషనుకి వెళ్ళి అడిగింది కూడా ఇదే ప్రశ్న. వాళ్ళు తప్పు చెప్పలేదు, అడిగిన నంబరుకే చెప్పారు. ఆమె అవమానమనుకుని ఆ సంగతి నోరు దాటనివ్వలేదు. ఒక్క గ్యాంగువాడితో అని ఉన్నా బిళ్ళలు మారతాయమ్మా అని చెప్పేవాడు. ఆమెకు చదువు రాదు, గస్తీ పద్ధతి తెలియదు. డెబ్బై ఏళ్ళ తర్వాత అదే తప్పు నేనూ చేశాను. నాకు ఆ సాకులు లేవు.

కొత్తవలస సోములు నీళ్ళు తీశాక రెండుసార్లు నౌపడ వచ్చాడట. మన ఇంటికి తాళం. నాయనమ్మ అప్పుడు పుట్టింట్లో ఉంది. గ్యాంగువాళ్ళందరినీ కట్ట తెగిన చోటికి పంపేశారు. ఏ ఊరు వెళ్ళారో చెప్పేవాళ్ళు లేరు. రోజూ తను ఒక్కడే నడిచి ఆ మధ్య చోటికి చేరడం అతని వల్ల కాలేదు. అందుకే బదిలీ అడిగాడు.

చివరిది అత్తకు నెమ్మదిగా చదువు. వాళ్ళ ఇంట్లో ఏటా కార్తీకం మొదటి సోమవారం ఒక పంచె పెడతారు. 1954లో మొదలుపెట్టారు. ఒక్క ఏడూ తప్పలేదు. మొదట వాళ్ళ నాన్న పెట్టాడు, ఆయన పోయాక తిరుమలరావు పెడుతున్నాడు. ఎవరి పేరున అని అడిగాను. "అవతలి సోములు మావ పేరున. ఆరి ఇంటోలు కూడా పెడతన్నారో నేదో తెల్దు గదా" అంది అమ్మడు.

నరసింగరావు


నౌపడ,
2 అక్టోబరు 2024

బావకి,

చదివాను. నువ్వు రాసినట్టే గట్టిగా, వరసలో.

గొడుగు దగ్గరికి వచ్చేసరికి అమ్మ చెయ్యెత్తి ఆపింది. "మల్లీ సదువు" అంది. మళ్ళీ చదివాను. ఇంకోసారి చదివించుకుంది. తర్వాత కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

"ఆ గుంట గొడుగు వదలనేదన్న మాట" అంది.

"లేదమ్మా."

"మంచిదయినాది."

పంచె మాట చదివాక లేచి గూటి దగ్గరికి వెళ్ళి బిళ్ళ తీసింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను లోపల వంట చేసుకుంటున్నాను. కొంతసేపటికి అమ్మమ్మ ఫోటోతో మాట్లాడుతుంటే వినబడింది. "సూసినావా. నువ్వు నోరు మూసుకోమన్నావు. మూసుకున్నాం. ఏటయినాది?" కోపంగా అనలేదు. పక్కింటామెతో మాట్లాడినట్టు అంది.

రాత్రి భోజనాల దగ్గర నాకు పని పురమాయించింది. ఆ అమ్మడుని, గట్టు మీద పుట్టినవాణ్ణి ఈ కార్తీకానికి ఇక్కడికి పిలవమంది. పంచె ఇక్కడే పెట్టాలట, రెండు ఇళ్ళవాళ్ళూ కలిసి. కొత్తవలస సోములు పేరున ఒక పంచె మనం పెట్టాలట. వాళ్ళు డెబ్బై పెట్టారు, మనం ఒకటైనా పెట్టొద్దా అంది.

ఇంకా ఒకటుంది. బిళ్ళలు మార్చుకోవాలంటుంది. "ఆలది మన ఇంట్లో, మనది ఆలింట్లో. గస్తీ మజ్జిలో ఆగిపోయినాది. ఎవులిది ఆలకి సేరాలి." పట్టాల మీద కలవాలంది. పట్టాల మీదికి దిగితే పోలీసులు పట్టుకుంటారని చెప్పాను. "ఎనభై మూడేల్ల దాన్ని పట్టుకుని ఏటి సేసుకుంతారు?" అంది. చివరికి ప్లాట్‌ఫారానికి ఒప్పుకుంది. అయితే బెంచీ మీద కూర్చుని ఇవ్వదట. ఆమె ఒక చివర నుంచి, అమ్మడు ఇంకో చివర నుంచి నడిచి మధ్యలో కలవాలి. మోకాళ్ళ నొప్పితో గుమ్మం దాకా రావడానికే గోడ పట్టుకునే మనిషి, మూడు రోజులుగా పొద్దుటే వీధిలో నడక మొదలుపెట్టింది. నేను వెనకాలే కుర్చీ మోసుకు తిరుగుతున్నాను. ఊరంతా నవ్వుతున్నారు.

తేదీ, రైలు, మనుషుల లెక్క రాసి పంపు. నీకు అవి బాగా వచ్చు.

కన్యాకుమారి


విజయనగరం,
21 అక్టోబరు 2024

చి. కన్యాకుమారికి,

వాళ్ళు వస్తున్నారు. నిన్న కొత్తవలస వెళ్ళి మాట్లాడి వచ్చాను. ఫోనులో అమ్మడు చెప్పేది నాకు వినబడదు, నేను చెప్పేది ఆమెకు వినబడదు. మా ఇద్దరి మధ్య తిరుమలరావు అలిసిపోయాడు.

బిళ్ళలు మార్చుకోవాలన్న అత్త మాట చెప్పాను. అమ్మడు దేవుడి గూటి వైపు చూసింది. తర్వాత, "ముప్పై రెండుని ఇచ్చేస్తే మా దేవుడి గూడు బోసిపోతాది" అంది. వెంటనే తనే, "ముప్పై ఒకటి వస్తాది కదా" అంది.

గొడుగు ఏమైందని అడిగాను. గుడ్డ ఎప్పుడో చివికిపోయింది. కర్ర పిడి ఉంది. తెస్తారు. అత్తకు ముందే చెప్పొద్దు.

జగన్నాధం కూడా వస్తానన్నాడు. గస్తీ బిళ్ళలు సూపర్‌వైజరు లేకుండా మార్చుకోవడం పద్ధతి కాదట. రిజిస్టరు తెస్తున్నాడు. 32 ఎదురుగా గైరుహాజరు అన్న మాటను కొట్టేసే అధికారం తనకు లేదు, అయితే పక్కన పెన్సిలుతో ఒక ముక్క రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు అన్నాడు. ఏం రాయాలో నన్నే అడిగాడు. మూడు రోజులు ఆలోచించాను. తేదీ, చోటు, కాపాడిన మనుషుల సంఖ్య. గర్భంలో ఉన్నవాడితో కలిపి నాలుగు.

నవంబరు 4, కార్తీకం మొదటి సోమవారం, కార్యక్రమం ఇది.

ఉదయం ఆరున్నరకు అమ్మడు, తిరుమలరావు కొత్తవలసలో ప్యాసింజరు ఎక్కుతారు. ఏడుంబావుకి విజయనగరంలో నేను, జగన్నాధం ఎక్కుతాం. పదింటికి నౌపడ చేరతాం. రైలు ఆలస్యమైతే తిరుమలరావు నీకు ఫోను చేస్తాడు. జనం దిగి వెళ్ళిపోయాక, పదింబావుకి, అత్త టెక్కలి వైపు చివర, అమ్మడు పూండి వైపు చివర నిలబడతారు. మధ్యలో నీళ్ళకుళాయి దగ్గర కలుస్తారు. కుర్చీలు రెండు కావాలి, రెండు వైపులా. ఒకటి నువ్వు, ఒకటి నేను మోస్తాం.

పదకొండింటికి ఇంటి దగ్గర బట్టలు పెట్టడం. పంచెలు రెండు. ఆ రోజు మీరందరూ ఉపవాసం కాబట్టి మధ్యాహ్నం వంట వద్దు. జగన్నాధానికి మాత్రం షుగరు మాత్ర ఉంది, ఆయనకు రెండు ఇడ్లీలు చూడు.

సాయంత్రం అయిదున్నరకు దీపాలు పెడతారు. ఆ తర్వాత తాతకి అన్నం వడ్డించాలి. ఉంచమన్నాడు కదా.

నరసింగరావు